మేరీ లూ విలియమ్స్ బిగ్ బ్యాండ్ సంగీతం ఎక్కడ ఆగిపోయింది, మళ్లీ ఎలా బయటికొస్తోంది

మేరీ లూ విలియమ్స్ పేరు జాజ్ వినే అలవాటున్నవాళ్లలో చాలామంది వినే ఉంటారు, కాకపోతే పియానిస్ట్‌గా విని ఉంటారు. హార్లెమ్‌లో ఆవిడ ఉండే ఫ్లాట్‌కి థెలోనియస్ మంక్, బడ్ పవెల్, డిజ్జీ గిలెస్పీ లాంటి కుర్రాళ్లంతా రాత్రిళ్లు చేరేవాళ్లని, బీబాప్ (1940ల్లో ఈ కుర్రాళ్లు తెచ్చిన కొత్త జాజ్ పద్ధతి) తరానికి ఆవిడ పెద్దక్క లాంటిదని ఎక్కడ చూసినా రాస్తారు. అదంతా నిజమే. కానీ దానికంటే ముందు, 1930ల్లో అమెరికా అంతా డాన్స్ హాళ్లలో బిగ్ బ్యాండ్లకి చిందులేస్తున్న రోజుల్లో, ఆ బ్యాండ్లు వాయించే సంగీతాన్ని కాగితం మీద రాసిచ్చిన మనిషి ఆవిడ. నా లెక్కలో ఆవిడ ముందు కంపోజర్, ఆ తర్వాతే పియానిస్ట్. ఈ ఆర్డర్ తిరగబడడం వల్లే ఆవిడ రాసిన బిగ్ బ్యాండ్ సంగీతం చాలా ఏళ్లు ఎవరికీ పట్టకుండా ఉండిపోయింది, ఇప్పుడిప్పుడే కొంచెం కొంచెంగా స్టేజి మీదికి వస్తోంది. అసలు ఒక సంగీతం రికార్డులు ఉండి కూడా ఎలా కనుమరుగవుతుంది, దాన్ని తిరిగి తేవడం అంటే ఏం చేయాలి అనేది చూద్దాం, ఎందుకంటే ఇందులో చాలా ముళ్లున్నాయి.

ముందు బిగ్ బ్యాండ్ అంటే ఏంటో చెప్పుకోవాలి. పన్నెండు నుంచి పదిహేడు మంది దాకా ఉంటారు, ట్రంపెట్లు ఒక వరస, ట్రాంబోన్లు ఒక వరస, సాక్సోఫోన్లు ఒక వరస, వాటి వెనక పియానో, గిటార్, బేస్, డ్రమ్స్ కలిసి రిథమ్ సెక్షన్. జాజ్ అనగానే అంతా అప్పటికప్పుడు పుట్టించి వాయించేదే అనుకుంటారు కదా, ఇంతమంది ఉన్నప్పుడు అది కుదరదు. సోలో వాయించేవాడు తన వంతులో తనకి తోచింది వాయిస్తాడు కానీ మిగతావాళ్లు ఏ స్వరం ఎప్పుడు పట్టాలి, ఎక్కడ ఆగాలి, ఎక్కడ పెంచాలి అనేదంతా ఎవరో ఒకరు కూర్చుని రాయాలి. మన సినిమా పాటకి ట్యూన్ కట్టిన మ్యూజిక్ డైరెక్టర్ పేరు అందరికీ తెలుస్తుంది, ఆ పాటలో వయొలిన్లు ఎక్కడ ఎక్కాలో ఫ్లూట్ ఎక్కడ పలకాలో నోట్స్ రాసిన అరేంజర్ పేరు ఎంతమందికి తెలుసు? బిగ్ బ్యాండ్లలోనూ అదే సంగతి, పోస్టర్ మీద బ్యాండ్ లీడర్ పేరుంటుంది, రాసినాయన పేరు రికార్డు లేబుల్ మీద బ్రాకెట్లలో చిన్న అక్షరాల్లో ఉంటే ఉంటుంది లేకపోతే లేదు. మేరీ లూ విషయంలో రాసినావిడ.

1910 మే 8న అట్లాంటాలో పుట్టింది, పెరిగింది పిట్స్‌బర్గ్‌లో. చిన్నప్పుడే చెవితో విని పియానో వాయించేది, ఊళ్లో వాళ్లు ఈస్ట్ లిబర్టీ పియానో పిల్ల అని పిలిచేవాళ్లు. టీనేజ్‌లోనే టూరింగ్ షోలతో తిరిగింది, సాక్సోఫోనిస్ట్ జాన్ విలియమ్స్‌ని పెళ్లి చేసుకుంది, ఆయన ఆండీ కర్క్ బ్యాండ్‌లో చేరడంతో ఆవిడ కూడా కాన్సాస్ సిటీ చేరింది. 1929లో ఆ బ్యాండ్ మొదటి రికార్డింగులు చేసేనాటికి ఆవిడ బ్యాండ్‌లో అధికారికంగా మెంబర్ కూడా కాదు. నొటేషన్ రాయడం రాదు. తన మనసులో ఉన్నదాన్ని పియానో మీద వాయించి చూపిస్తే ఆండీ కర్క్ రాసుకునేవాడు, అది ఆవిడకి చాలా నిదానంగా అనిపించి, ఇలా అయితే లాభం లేదని తనే రాయడం నేర్చుకుంది. ఆ 1929 రికార్డింగుల్లోనే ఆవిడ కంపోజిషన్ 'మెస్ ఎ స్టాంప్' ఉంది, అంటే ఆవిడ పంతొమ్మిదో ఏట.

ఇక్కడ ఒక్క పీస్‌ని దగ్గరగా చూడాలి, 1936లో డెక్కా కంపెనీకి కర్క్ బ్యాండ్ రికార్డ్ చేసిన 'వాకిన్ అండ్ స్వింగిన్'. ఆ బ్యాండ్‌లో సాక్సోఫోన్లు వాయించేవాళ్లు ముగ్గురే. ముగ్గురు ఒకేసారి వాయిస్తే వచ్చేది మూడు స్వరాలు, శంకరాభరణం లెక్కలో స గ ప అనుకోండి. స్వింగ్ అనే ఆనాటి డాన్స్ జాజ్ వాయించే బ్యాండ్ల సాక్సోఫోన్ సౌండ్‌లో ఉండే ఆ నిండుదనం రావాలంటే దానికి ద కూడా కలవాలి, అంటే నాలుగో మనిషి కావాలి, నాలుగో సాక్సోఫోన్ బ్యాండ్‌లో లేదు. అప్పుడావిడ ఏం చేసిందంటే ఒక ట్రంపెట్ వాద్యగాణ్ణి తెచ్చి సాక్సోఫోన్ల పక్కన చేర్చి, ట్రంపెట్ మూతి ముందు టోపీ అడ్డం పెట్టించి సౌండ్ మెత్తబరిచి, నాలుగో సాక్సోఫోన్ పార్ట్ అతనికి రాసింది. రికార్డ్ వింటే ఆ నలుగురూ కలిసి ఒకే ఊపిరితో పరిగెడుతున్నట్టు ఉంటుంది, అందులో ఒకటి ట్రంపెట్ అని చెప్తే తప్ప తెలియదు. వనరులు లేకపోవడాన్నే ఒక కొత్త రంగుగా మార్చేసింది, ఇది పియానో బాగా వాయించేవాళ్లందరికీ వచ్చే విద్య కాదు, ఇది కంపోజర్ బుర్ర. అదే పీస్‌లో వచ్చే ఒక చిన్న పదబంధం తర్వాత మంక్ కట్టిన 'రిథమ్ ఎ నింగ్' మొదట్లో దాదాపు అలాగే వినిపిస్తుంది, ఆ మంక్ ట్యూన్‌ని ఇవాళ ప్రతి జాజ్ స్టూడెంట్ నేర్చుకుంటాడు, దాని మూలం ఎక్కడుందో మాత్రం అందరికీ చెప్పరు.

ఈ రాతపని పేరు బయటికి పాకింది. బెన్నీ గుడ్‌మన్ కోసం 1937లో 'రోల్ ఎమ్' రాసింది, బూగీ వూగీ అనే పియానో స్టయిల్‌ని తెచ్చి మొత్తం బ్యాండ్‌కి పంచింది. గుడ్‌మన్ రేడియో షోకి స్పాన్సర్ కేమెల్ సిగరెట్లు, దాని పేరు మీద 'కేమెల్ హాప్' రాసింది. తనకి మాత్రమే రాయాలని గుడ్‌మన్ అడిగితే ఒప్పుకోలేదు. ఎర్ల్ హైన్స్, టామీ డోర్సీ, జిమ్మీ లన్స్‌ఫోర్డ్, ఇలా వారానికి అర డజను బ్యాండ్లకి రాసేదాన్నని, బ్యాండ్ రాత్రికి 500 మైళ్లు ప్రయాణం చేస్తుంటే కారులో టార్చ్ లైట్ వెలుగులో రాసేదాన్నని తర్వాత ఆవిడే చెప్పుకుంది. అంటే పగలు ప్రయాణం, సాయంత్రం స్టేజి మీద పియానో, ఆ తర్వాత మళ్లీ రోడ్డు మీద పదమూడు పధ్నాలుగు మందికి ఎవరెవరు ఏం వాయించాలో లైన్ లైన్‌గా రాయడం, అదీ పియానో దగ్గర లేకుండా.

మరి ఇంత రాస్తే ఎందుకు పోయింది?

ఒక్క కారణం చెప్పి ఆడమనిషి కాబట్టి తొక్కేశారు అనేస్తే సులువు, అందులో నిజం ఉంది కూడా, కానీ అది ఒక్కటే చెప్తే మిగతా మెకానిజం అర్థం కాదు. మొదటిది కాగితం. అరేంజర్ రాసేది స్కోర్, అందులో అందరి పార్టులూ ఒకదాని కింద ఒకటి ఉంటాయి. దాన్నుంచి ఒక కాపీయిస్ట్ ఒక్కో వాద్యగాడికి ఒక్కో పార్ట్ విడిగా రాస్తాడు. ఆ పార్టులు వాద్యగాళ్ల ఫోల్డర్లలో నెంబర్లతో ఉంటాయి, బ్యాండ్ ఆస్తి అవి. పార్టులు తయారయ్యాక స్కోర్‌తో ఎవరికీ పని ఉండదు, చాలాసార్లు పారేసేవాళ్లు. బ్యాండ్ మూతపడితే ఫోల్డర్లు ఎవరి గ్యారేజీలోకో పోతాయి. రాసినావిడ చేతిలో ఏమీ మిగలదు. అందుకే బ్యాండ్ లీడర్లు తమ లైబ్రరీ దాచుకున్నంత తేలిగ్గా అరేంజర్లు తమ జీవితకాలపు పని దాచుకోలేకపోయారు.

రెండోది ఏది రికార్డ్ అవ్వాలి అనేది ఎవరు తేలుస్తారు అన్న ప్రశ్న. 1936లో కర్క్ బ్యాండ్‌కి 'అంటిల్ ద రియల్ థింగ్ కమ్స్ అలాంగ్' అనే ప్రేమ పాట పెద్ద హిట్ అయింది, ఫా టెరెల్ పాడాడు. ఇంక అక్కణ్ణుంచి కంపెనీకి కావలసింది అలాంటి పాటలే, మేరీ లూ రాసే ఇన్‌స్ట్రుమెంటల్స్ పక్కకి జరిగాయి, డాన్స్ హాల్లో రాత్రంతా వాయించేవాళ్లు గానీ రికార్డుకి ఎక్కేవి తక్కువ. మనకి ఇప్పుడు మిగిలిన రికార్డులు చూసి ఆ బ్యాండ్ అంతే అనుకుంటే పొరపాటు.

మూడోది చాలామంది పట్టించుకోనిది, నాకు బాగా బాధ కలిగించేది. 1942లో ఆవిడ కర్క్ బ్యాండ్ వదిలేసింది. ట్రంపెటర్ షార్టీ బేకర్‌ని పెళ్లి చేసుకుంది, అతను డ్యూక్ ఎల్లింగ్టన్ దగ్గర చేరాడు, ఆవిడ కూడా కొన్ని నెలలు ఆ బ్యాండ్‌తో తిరుగుతూ ఎల్లింగ్టన్‌కి రాసింది. ఆ కాలంలో ఒక అరేంజర్‌కి అంతకంటే మంచి బ్యాండ్ దొరకదు. కానీ సరిగ్గా 1942 ఆగస్టు 1 నుంచి వాద్యగాళ్ల యూనియన్ రికార్డింగ్ బంద్ పెట్టింది, రాయల్టీల గొడవ అది. ఎల్లింగ్టన్ రికార్డ్ చేసే విక్టర్ కంపెనీ 1944 నవంబర్ దాకా రాజీకి రాలేదు. దాంతో ఆవిడ ఎల్లింగ్టన్‌కి రాస్తున్న నెలలన్నీ స్టూడియో తలుపులు మూసి ఉన్న నెలలే అయ్యాయి. ఇర్వింగ్ బెర్లిన్ 'బ్లూ స్కైస్' ట్యూన్‌ని ట్రంపెట్లకి అగ్నిపరీక్షలా మార్చి రాసిన అరేంజ్‌మెంట్ ఒకటి 1946లో 'ట్రంపెట్ నో ఎండ్' పేరుతో రికార్డ్ అయింది కాబట్టి మనకి దక్కింది. ఆ ఒక్క మూడు నిమిషాలు విని మిగతావి ఎలా ఉండేవో ఊహించుకోవాల్సిందే.

ఇక యుద్ధం అయ్యాక బిగ్ బ్యాండ్ల ఖర్చు భరించేవాళ్లు తగ్గిపోయారు, ఒక్కొక్కటీ మూతపడ్డాయి. కంపోజర్‌కి వాయించే చేతులే లేకుండా పోయాయి. ఆవిడ ఆగలేదు, 1945లో 'జోడియాక్ సూట్' రాసింది, పన్నెండు రాశులకి పన్నెండు భాగాలు, ఒక్కో రాశి చాలావరకు ఆ రాశిలో పుట్టిన తోటి కళాకారులకి అంకితం. మొదటి మూడూ రాశాక మిగతావి తన రేడియో షోలో వారానికొకటి చొప్పున వినిపించింది. ఆ ఏడాది డిసెంబర్ 31న న్యూయార్క్ టౌన్ హాల్‌లో చాంబర్ ఆర్కెస్ట్రాతో, అంటే చిన్న ఆర్కెస్ట్రాతో చేసింది, మరుసటేడు కార్నెగీ హాల్‌లో అందులో మూడు భాగాలు సింఫనీ ఆర్కెస్ట్రా వాయించింది. ఒక జాజ్ కంపోజర్ అలా రాసి సింఫనీ వాళ్లతో వాయించుకోవడం ఆ రోజుల్లో మామూలు విషయం కాదు, అదీ ఒక నల్లజాతి మహిళ. టౌన్ హాల్ రికార్డింగ్ మాత్రం 1990ల్లో గానీ సీడీగా జనానికి చేరలేదు.

1954లో పారిస్‌లో ఉండగా ఆవిడ వాయించడం ఆపేసింది. కొన్నేళ్లు పూర్తిగా ప్రార్థనలో, హార్లెమ్‌లో మత్తుమందులకి బానిసలైన వాద్యగాళ్లకి సాయం చేయడంలో గడిపింది. 1957లో కాథలిక్‌గా బాప్తిస్మం తీసుకుంది, అదే ఏడాది న్యూపోర్ట్ జాజ్ ఫెస్టివల్‌లో డిజ్జీ గిలెస్పీ బిగ్ బ్యాండ్‌తో కలిసి జోడియాక్‌లో మూడు భాగాలు వాయిస్తూ తిరిగొచ్చింది. ఆ బ్యాండ్‌లో ట్రాంబోన్ వరసలో మెల్బా లిస్టన్ కూర్చుని ఉంది, ఆవిడ కూడా గొప్ప అరేంజర్, ఆవిడ కథ కూడా ఇలాంటిదే. ఆ రాత్రి ఆ స్టేజి మీద అలాంటి ఇద్దరు ఉన్నారు. ఆ తర్వాత మేరీ లూ ఎక్కువగా భక్తి సంగీతం రాసింది, జాజ్‌లో మాస్, అంటే కాథలిక్ చర్చి ఆరాధనలో పాడే సంగీతం రాసి 1975లో న్యూయార్క్ సెయింట్ పాట్రిక్స్ కథీడ్రల్‌లో చేసింది. చివరి ఏళ్లు డ్యూక్ యూనివర్సిటీలో పాఠాలు చెప్పింది, 1981 మే 28న పోయింది.

ఇన్ని దశలున్న మనిషిని చరిత్ర రాసేవాళ్లు ఏ పేజీలో పెట్టాలో తేల్చుకోలేకపోయారు. జాజ్ చరిత్ర అంతా సోలోయిస్టులు, బ్యాండ్ లీడర్ల చుట్టూ రాశారు, ఆవిడ లీడర్‌గా పెద్ద బ్యాండ్‌ని ఏళ్ల తరబడి నడపలేదు, కాబట్టి పియానో చాప్టర్‌లో ఒక పేరా ఇచ్చి వదిలేశారు. పియానో దగ్గర కూర్చున్న ఆడమనిషి అనేది జనానికి తెలిసిన బొమ్మ, పదిహేను మంది మగవాళ్లు ఏం వాయించాలో నిర్ణయించే ఆడమనిషి అనేది వాళ్ల ఊహకి అందని బొమ్మ. కారణాల్లో ఆడ మగ తేడా పనిచేసింది ఇక్కడే అని నా అభిప్రాయం.

సరే, తిరిగి తేవడం ఎలా అంటే, ఆవిడ ఒక పని చాలా బాగా చేసింది. తన దగ్గర మిగిలిన కాగితాలు దాచుకుంది, తన పబ్లిషింగ్ కంపెనీ సిసీలియా మ్యూజిక్ పెట్టుకుంది, ఒక ఫౌండేషన్ పెట్టింది. ఆ కాగితాలు ఇప్పుడు న్యూజెర్సీలో నెవార్క్ ఊళ్లో రట్గర్స్ యూనివర్సిటీ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ జాజ్ స్టడీస్‌లో ఉన్నాయి. అక్కడున్న చేతిరాతల్ని పట్టుకుని నెదర్లాండ్స్‌కి చెందిన డచ్ జాజ్ ఆర్కెస్ట్రా, పరిశోధకుడు వాల్టర్ వాన్ డె లూర్ కలిసి 2005లో ఒక ఆల్బమ్ తెచ్చారు, అందులో చాలావరకు అంతకుముందు ఎప్పుడూ రికార్డ్ కాని పీసులు. ఆవిడ పోయిన ఇరవై నాలుగేళ్లకి, అమెరికా బ్యాండ్ కూడా కాదు, సముద్రం అవతల ఒక యూరప్ బ్యాండ్ వాటికి మొదటిసారి ఊపిరి పోసింది.

ఈ పని బయటికి కనిపించేంత తేలిక కాదు. స్కోర్ దొరికితే అదృష్టం, పార్టులే దొరికితే వాటిని కలిపి స్కోర్ కట్టాలి, మధ్యలో సెకండ్ ట్రాంబోన్ పార్ట్ లాంటిది ఒకటి పోయిందనుకోండి ప్రతి కార్డ్‌లోనూ, అంటే ఒకేసారి కలిసి పలికే స్వరాల గుంపులోనూ ఒక చిల్లు పడుతుంది. ఆవిడ అలవాట్లు తెలిసినవాళ్లే ఆ చిల్లు పూడ్చగలరు, పుస్తకంలో ఉన్న రూల్ ప్రకారం పూడిస్తే తప్పు స్వరం పడుతుంది ఎందుకంటే ఆవిడ రూల్ ప్రకారం రాసే మనిషి కాదు. కాపీయిస్ట్ చేసిన తప్పులుంటాయి, రిహార్సల్లో పెన్సిల్‌తో కొట్టేసినవుంటాయి, కొట్టేసింది ఆవిడా లేక బ్యాండ్‌లో ఎవరన్నానా అనేది తేలదు.

కాగితం అసలే లేకపోతే పాత 78 ఆర్‌పీఎం రికార్డ్ విని రాసుకోవాలి. పైన వినపడే ట్రంపెట్ లైన్ రాయడం ఈజీ, కింద బేస్ కూడా కష్టపడితే దొరుకుతుంది, లోపల మధ్య వరసల్లో ఉన్న స్వరాలే అసలు సమస్య, ఆ రోజుల రికార్డింగ్‌లో అన్నీ ఒకదానిలో ఒకటి కలిసిపోయి ఉంటాయి. 'వాకిన్ అండ్ స్వింగిన్' నే తీసుకోండి, ఆ టోపీ సంగతి తెలియనివాడు నాలుగు సాక్సోఫోన్లకి రాసేస్తాడు, స్వరాలన్నీ కరెక్టే ఉంటాయి, వాయిస్తే ఆ రంగు మాత్రం రాదు.

తర్వాత సోలోల ప్రశ్న. రికార్డ్‌లో ఆ రోజు టెనార్ సాక్సోఫోనిస్ట్ డిక్ విల్సన్ వాయించినదాన్నే ఇవాళ్టి కుర్రాడు అక్షరం పొల్లుపోకుండా వాయించాలా, లేక తనది తను వాయించాలా? దీని మీద జాజ్ వాళ్లలో ఎప్పటికీ తెగని వాదన ఉంది. నేను రెండో పక్షం. ఆవిడ ఆ నాలుగు లైన్లు ఖాళీగా వదిలింది ఎవరో ఒకరు అప్పటికప్పుడు నింపాలనే, దాన్ని గాజు పెట్టెలో పెడితే ఆవిడ రాసిన దానికి వ్యతిరేకం అవుతుంది. కానీ రిథమ్ సెక్షన్ విషయంలో మాత్రం ఆ కాలం పద్ధతి తెలుసుకుని వాయించాలి, ఇప్పటి డ్రమ్మర్లు అలవాటు కొద్దీ గట్టిగా బాదితే ఆవిడ సాక్సోఫోన్లకి రాసిన సన్నని పనితనం అంతా కింద పడిపోతుంది.

హక్కుల చిక్కు కూడా ఉంది. అమెరికా చట్టంలో ఆ కాలపు పబ్లిష్ అయిన సంగీతానికి 95 ఏళ్ల కాపీరైట్, కాబట్టి 1936లో పబ్లిష్ అయినవి 2031 ముగిసేదాకా ఎవరో ఒకరి చేతిలో ఉంటాయి. పైగా వేరేవాళ్ల ట్యూన్ మీద ఆవిడ చేసిన అరేంజ్‌మెంట్ అయితే ట్యూన్ హక్కు ఒకరిది, అరేంజ్‌మెంట్ ఇంకొకరిది, రికార్డింగ్ మరొకరిది. చిన్న బ్యాండ్లు ఈ తలనొప్పి ఎందుకని ఎల్లింగ్టన్, కౌంట్ బేసీ లాంటి పేరున్న బ్యాండ్ లీడర్ల చార్టులే, అంటే రాసిన అరేంజ్‌మెంట్లే తీసుకుంటాయి.

పియానిస్టులు మాత్రం ఆవిణ్ణి వదల్లేదు. జెరీ ఆలెన్ 2006లో జోడియాక్‌ని మళ్లీ రికార్డ్ చేసింది, ఆరన్ డీల్ 2023లో ద నైట్స్ అనే చాంబర్ ఆర్కెస్ట్రాతో దాని ఆర్కెస్ట్రా రూపాన్ని పూర్తి ఆల్బమ్‌గా తెచ్చాడు, డెబ్బై ఎనిమిదేళ్ల తర్వాత. ఇది చాలా సంతోషించాల్సిన విషయం, అయితే నాకొక అసంతృప్తి ఉంది. అందరూ జోడియాక్ దగ్గరికే వెళ్తున్నారు, దానికి మంచి కథ ఉంది, పేరు ఉంది, కాన్సర్ట్ హాల్‌కి సరిపోతుంది. డాన్స్ హాల్ కోసం కారులో రాసిన మూడు నిమిషాల పీసులకి ఆ గౌరవం ఇంకా రాలేదు. నాకైతే ఆవిడ తెలివి మొత్తం ఆ మూడు నిమిషాల్లోనే కనిపిస్తుంది, ఎందుకంటే అక్కడ జనం డాన్స్ ఆపకూడదు, బ్యాండ్‌లో మనుషులు తక్కువ, రికార్డ్ సైడ్ అయిపోతుంది, ఇన్ని కట్టుబాట్ల మధ్య కొత్తగా ఏదో ఒకటి ప్రతిసారీ చేసింది.

వినాలనుకునేవాళ్లకి నేను చెప్పేది ఒకటే దారి. 'మెస్ ఎ స్టాంప్' 1929 రికార్డ్ ఒకటుంది, 1938లో అదే బ్యాండ్ మళ్లీ చేసింది ఒకటుంది, రెండూ పక్కపక్కన పెట్టుకుని వినండి. మొదటిదాంట్లో కింద ట్యూబా, బాంజో ఉంటాయి, నడక కొంచెం కుదుపుగా ఉంటుంది. రెండోదాంట్లో వాటి స్థానంలో డబుల్ బేస్, గిటార్ వచ్చేశాయి, నాలుగు బీట్లూ సమానంగా జారిపోతుంటాయి, వాటి పైన సెక్షన్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే తీరే మారిపోయింది. 'మేరీస్ ఐడియా' కూడా అంతే, 1930ది, 1938ది. ఒక కంపోజర్ ఎనిమిది తొమ్మిదేళ్లలో తన సొంత రాతని తనే ఎలా దిద్దుకుందో చెవులతో వినొచ్చు. ఆ తర్వాత 'వాకిన్ అండ్ స్వింగిన్', 'రోల్ ఎమ్', 'ట్రంపెట్ నో ఎండ్', చివర్లో డచ్ వాళ్ల ఆల్బమ్.

అసలు పని జరగాల్సింది స్కూళ్లలో. అమెరికాలో హైస్కూల్ జాజ్ బ్యాండ్లు వేలల్లో ఉన్నాయి, ఏ సంగీతం బతకాలో ఒక రకంగా అవే తేలుస్తాయి, పదహారేళ్లప్పుడు వాయించింది ఎవరూ మర్చిపోరు కదా. న్యూయార్క్‌లో జాజ్ ఎట్ లింకన్ సెంటర్ వాళ్లు ఎల్లింగ్టన్ స్కోర్లు స్కూళ్లకి పంపే ప్రోగ్రామ్ నడుపుతూ, తర్వాత మేరీ లూ లాంటి వేరే కంపోజర్లని కూడా చేర్చారు, అంటే శుభ్రంగా ప్రింట్ చేసిన పార్టులు దొరికే దారి ఏర్పడింది. అక్కడున్న మన తెలుగు కుటుంబాల పిల్లల్లో కూడా స్కూల్ బ్యాండ్‌లో సాక్సోఫోన్, ట్రంపెట్ పట్టుకున్నవాళ్లు ఉన్నారు. మీ ఇంట్లో ఉంటే, వచ్చే సీజన్‌కి లిస్ట్ వేసేటప్పుడు మేరీ లూ విలియమ్స్ చార్ట్ ఒకటి పెట్టమని వాళ్ల బ్యాండ్ డైరెక్టర్‌ని అడగమనండి. 'వాకిన్ అండ్ స్వింగిన్' అయితే ఇంకా మంచిది, ట్రంపెట్ పిల్లాడికి ఒక టోపీ కూడా ఇచ్చి పంపండి.